నాలుగు శాతంలో ఆమె ఎక్కడ?

చట్టాన్ని చదవడం లాయర్ల పని అనుకుంటాం. కానీ నాలుగు దశాబ్దాలుగా మనం కథల్నే కాదు, సినిమాల్నీ, పాఠ్యపుస్తకాల్నీ, పెళ్ళి మంత్రాల్నీ కూడా విప్పి చదివాం. ఇందులో మాట్లాడుతున్నదెవరు? కర్త ఎవరు, కర్మ ఎవరు? స్త్రీ ఏ పేజీలో కనబడుతుంది, ఏ పేజీలో మాయమవుతుంది? ఈ ప్రశ్నలే వికలాంగుల ఉపాధి గురించి ఈ దేశం రాసుకున్న చట్టాల ముందు, విధానాల ముందు పెడితే ఏమవుతుందో చూద్దామని ఈ వ్యాసం. అవి కూడా మన జీవితాల గురించి ఎవరో రాసిన కథనాలే. కాకపోతే ఈ కథనాల్లో చోటు దొరకని పాత్రకు జీతం కూడా దొరకదు.

ముందు 1995 చట్టం. 1996 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. సమాన అవకాశాలు, హక్కుల పరిరక్షణ, పూర్తి భాగస్వామ్యం అని పెద్ద పేరు. ఏడు రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం కేటాయించింది. చూపు లేనివారికి ఒకటి, వినికిడి లేనివారికి ఒకటి, చలన వైకల్యం ఉన్నవారికి ఒకటి. మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఏడింటి జాబితాలో ఉన్నాయి గానీ ఉద్యోగాల లెక్కలో లేవు. సరే, ఈ చట్టంలో స్త్రీ ఎక్కడుంది? ఒకటి, సమన్వయ కమిటీలో స్వచ్ఛంద సంస్థల తరఫున ఉండే సభ్యుల్లో కనీసం ఒకరు స్త్రీ కావాలన్న చోట. రెండు, వైకల్యాల నివారణ గురించి చెప్పే సెక్షన్లో, కాన్పుకి ముందూ తర్వాతా తల్లీబిడ్డల సంరక్షణ అన్న చోట. అంటే వికలాంగుల చట్టంలో స్త్రీ ప్రధానంగా తల్లి. వైకల్యం లేని బిడ్డను కని ఇవ్వవలసిన తల్లి. తానే వికలాంగురాలై, తానే పనికోసం వెతుక్కునే మనిషిగా ఆమెను ఆ చట్టం ఊహించుకోలేకపోయింది.

ఆ తర్వాత కొంత మారింది. 2006 ఫిబ్రవరిలో వచ్చిన జాతీయ విధానం వికలాంగ స్త్రీల చదువు, ఉపాధి, పునరావాసం కోసం ప్రత్యేక కార్యక్రమాలు కావాలని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 2007 అక్టోబరు 1న మన దేశం దానికి కట్టుబడింది. అందులో ఆరో అధికరణం మొత్తం స్త్రీల గురించే. స్త్రీ కావడం, వికలాంగురాలు కావడం రెండూ కలిసి పనిచేసే తీరు గుర్తించి రాసిన అధికరణం అది. ఆ ఒడంబడికకు తగ్గట్టు కొత్త చట్టం రాసే పనిలో హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం నుంచి అమితా ధండా వంటి స్త్రీవాద న్యాయశాస్త్రవేత్తలు పనిచేశారు. 2011లో సుధా కౌల్ కమిటీ ముసాయిదా ఇచ్చింది. ఎన్నో మార్పుల తర్వాత 2016 డిసెంబరులో చట్టమైంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు.

2016 చట్టం 1995 చట్టానికంటే చాలా నయం. అది చెప్పకపోతే అన్యాయమే. ఏడు వైకల్యాలు ఇరవై ఒకటయ్యాయి. 3 శాతం 4 శాతమైంది. ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం మొదటిసారి ఉద్యోగాల లెక్కలోకి వచ్చాయి. వికలాంగురాలి అంగీకారం లేకుండా ఆమెకు గర్భస్రావం చేస్తే, చట్టం చెప్పిన కొన్ని మినహాయింపులు తప్ప, శిక్ష ఉంది. స్త్రీలకూ పిల్లలకూ వేరుగా నాలుగో సెక్షన్ ఉంది. అయినా ఈ చట్టంలో స్త్రీ అన్న మాట వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీతలు గీసుకుంటూ చదివితే ఒక సంగతి బయటపడుతుంది. ఆరోగ్యం గురించిన చోట ఆమె ఉంది. భూమి, ఇళ్ళు, పేదరిక నిర్మూలన పథకాల్లో 5 శాతం అన్న చోట ఆమెకు ప్రాధాన్యం ఉంది. సామాజిక భద్రత గురించిన 24వ సెక్షన్లో ఆమె జీవనోపాధికీ, పిల్లల పెంపకానికీ చేయూత అని ఉంది. కానీ నైపుణ్యాలు, ఉద్యోగాల గురించిన నాలుగో అధ్యాయంలో ఆమె లేదు. 4 శాతం గురించి చెప్పే 34వ సెక్షన్లో ఆమె లేదు. ప్రైవేటు యజమానులకు ప్రోత్సాహకాల గురించిన 35వ సెక్షన్లోనూ లేదు.

ఇది ఏదో మరిచిపోవడం వల్ల జరిగిందని నేననుకోను. పురుషుడి బతుకుతెరువు ఉద్యోగాల అధ్యాయంలోకి వెళ్ళింది. స్త్రీ బతుకుతెరువు చేయూత అధ్యాయంలోకి వెళ్ళింది, అదీ పిల్లల పెంపకంతో కలిపి. ఇంట్లో మనకు తెలిసిన విభజనే ఇది. అతను సంపాదిస్తాడు, ఆమెను ఆదుకోవాలి. మన రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగాల్లో స్త్రీలకు మూడో వంతు రిజర్వేషన్ విడిగా ఉంది కనుక ఇక్కడ కొందరికైనా దారి ఉంది. జాతీయ చట్టం మాత్రం ఆ 4 శాతాన్ని లోపల తెరిచి చూడలేదు.

ఇప్పుడు ఈ చట్టాన్ని తీసుకుని హబ్సిగూడ చౌరస్తాలో నిలబడదాం. నేనుండేది నాచారంలో కాబట్టి ఈ దారి నాకు అలవాటు. చౌరస్తా నుంచి ఉప్పల్ వైపు వెళితే సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ, ఇంకా ముందుకు సర్వే ఆఫ్ ఇండియా. అన్నీ కేంద్ర ప్రభుత్వ సంస్థలు. అదే చౌరస్తా నుంచి నాచారం వైపు తిరిగితే పారిశ్రామికవాడ. మందులు, ప్లాస్టిక్, ఇనుప సామాన్లు, తినుబండారాలు, బట్టలు. చిన్నా పెద్దా ప్రైవేటు ఫ్యాక్టరీలు, షెడ్లు. రెండింటి మధ్య దూరం మూడు నాలుగు కిలోమీటర్లు. చట్టం దృష్టిలో మాత్రం రెండు దేశాలు.

ఎలాగంటే, ఉద్యోగంలో ఉండగా ఎవరికైనా వైకల్యం వస్తే వారిని తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో మరో పని చూపించాలి. ఇది 1995 చట్టం 47వ సెక్షన్లో వచ్చింది, 2016 చట్టంలో 20వ సెక్షన్ నాలుగో ఉపవాక్యంగా కొనసాగింది. ఎంతో మంచి మాట. కానీ ఆ వాక్యం 'ప్రభుత్వ సంస్థ' అన్న మాటతో మొదలవుతుంది. అంటే ఉప్పల్ రోడ్డులోని ప్రయోగశాలలో పనిచేసేవారికి ప్రమాదంలో చెయ్యి పోతే ఉద్యోగం ఉంటుంది. నాచారంలో ప్రెస్ మిషన్ మీద వేళ్ళు పోగొట్టుకున్నవారికి ఈ వాక్యం లేదు. నిజానికి వైకల్యం ఎక్కువగా తయారయ్యేది ఎక్కడ? కుర్చీల్లో కూర్చుని చేసే పనిలోనా, ప్రెస్సుల దగ్గరా, రసాయనాల దగ్గరా? నాచారంలో ఈఎస్‌ఐ ఆస్పత్రి ఉన్నది ఊరికే కాదు. రక్షణ అవసరమైన చోటికి రాకుండా చట్టం చౌరస్తా దగ్గరే ఆగిపోయింది.

ఫ్యాక్టరీ కార్మికులకు వేరే చట్టం ఉందిగా అంటారు. ఉంది. 1923 నాటి నష్టపరిహార చట్టం, 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం. మొదటిదాని పేరులో చాలాకాలం 'వర్క్‌మెన్' అనే ఉండేది. 2009 సవరణతో 2010 జనవరి నుంచి 'ఎంప్లాయీ' అయింది. అప్పటిదాకా ఆ పేరు ప్రకారం పనిచేసేది మగవాళ్ళే. ఈ రెండు చట్టాలూ 2020 సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయాయి. ఆ స్మృతి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టాల చివరనుండే ఒక పట్టిక ఈ కొత్త స్మృతిలోకి కూడా నడిచి వచ్చింది. మన శరీరాల మీద రాసిన పాఠాల్లో దాన్ని మించిన పాఠం నేను చదవలేదు. ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత పోయినట్టో చెప్పే పట్టిక అది. ఒక చేతి బొటనవేలు పోతే 30 శాతం. ఒక చేతికి నాలుగు వేళ్ళూ పోతే 50. చెయ్యే పోతే 60. ఒక కన్ను పోయి రెండోది బాగుంటే 40.

ఈ అంకెల వెనక ఒక మనిషి ఉన్నాడు. ఉదయం వెళ్ళి సాయంత్రం వచ్చే మనిషి. అతని చేతులకు ఫ్యాక్టరీలో తప్ప పని లేదు. మరి ప్యాకింగ్ సెక్షన్లో నిలబడి ఇంటికొచ్చి బియ్యం కడిగి, బట్టలు పిండి, బిడ్డ జడ వేసే స్త్రీకి బొటనవేలు పోతే ఎంత శాతం? జడ వేయడానికి బొటనవేలు కావాలి. పిండడానికి కావాలి. ముద్ద కలిపి పెట్టడానికి కావాలి. ఆ పనులకు జీతం లేదు కనుక వాటి నష్టానికి పరిహారమూ లేదు. ఇంటిపనికి విలువ కట్టమని మనం ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాం. ఆ పని చేసే చెయ్యి పోయినప్పుడు కూడా విలువ కట్టలేదని ఈ పట్టిక చెబుతోంది.

అదే పట్టికలో మరో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రెండు చేతులూ పోవడం, చూపు పోవడం, పూర్తిగా వినబడకపోవడం వంటివి నూరు శాతం నష్టంగా రాసిన చోట, వాటి పక్కనే, ముఖం చాలా తీవ్రంగా వికృతం కావడం కూడా ఉంది. అదీ నూరు శాతమే. ముఖం కాలిన మనిషి చేతులు పనిచేస్తాయి. కాళ్ళు నడుస్తాయి. బుద్ధి పనిచేస్తుంది. మరి సంపాదించే శక్తి నూరు శాతం ఎలా పోయింది? ఎదుటివాళ్ళు ఆ ముఖాన్ని చూసి పని ఇవ్వరు కనుక పోయింది. అంటే వైకల్యం శరీరంలో కాదు, చూసేవాళ్ళ కళ్ళలో ఉందని, తనకు తెలియకుండానే ఈ పట్టిక ఒప్పేసుకుంది. వికలాంగుల ఉద్యమం ప్రపంచమంతా చెబుతూ వచ్చిన మాట ఇదే. స్త్రీలకు ఈ మాట వేరే వివరించనక్కర్లేదు. ముఖాన్ని బట్టి వెల కట్టే లోకం మనకు పుట్టినప్పటినుంచీ తెలుసు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన ఘటన తెలుగువాళ్ళెవరూ మర్చిపోలేరు. 2016 చట్టం యాసిడ్ దాడి బాధితులను ఇరవై ఒక్క వైకల్యాల్లో చేర్చింది. మగవాడి హింస నేరుగా వైకల్యంగా నమోదైన చోటు అదే. అయినా ఆ ముఖాన్ని చూసి తలుపు వేసే ప్రైవేటు యజమానికి ఆ చట్టం ఏం చెప్పిందో చూడండి.

ప్రైవేటు రంగంలో కనీసం 5 శాతం వికలాంగులు ఉండేలా ప్రభుత్వాలు ప్రోత్సాహకాలు ఇవ్వాలి, తమ ఆర్థిక స్తోమతకు లోబడి. ఇదీ 35వ సెక్షన్. ఇందులో ఇవ్వాల్సింది ప్రభుత్వం, పుచ్చుకోవాల్సింది యజమాని. పని కావాల్సిన మనిషి ఈ వాక్యంలో ఒక శాతం మాత్రమే. 2008లో కేంద్రం అలాంటి ప్రోత్సాహకం ఒకటి ప్రకటించింది. నెలకు 25,000 రూపాయల లోపు జీతం ఉన్న వికలాంగ ఉద్యోగి తరఫున యజమాని కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాను మూడేళ్ళపాటు ప్రభుత్వమే కడుతుందన్నారు. ఆలోచన మంచిదే. కానీ అది ఎవరికి అందుతుంది? పీఎఫ్ ఉన్నవాళ్ళకు. నాచారం, మల్లాపూర్ గోడల మీద 'ప్యాకింగ్‌కు లేడీస్ కావలెను' అని ఫోన్ నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు చాలాసార్లు ఫ్యాక్టరీది కాదు, కాంట్రాక్టరుది. మా వీధిలో పోలియో సోకిన కాలితో నడిచే ఒకామె ఆ నంబరుకు ఫోన్ చేసింది. ఎనిమిది గంటలు నిలబడగలవా అని అడిగారట. కూర్చుని చేస్తానంది. కుర్చీలు ఉండవన్నారు. ఆమె ఇప్పుడు ఇంట్లో బ్లౌజులకు హుక్కులు కుడుతుంది, ముక్కకింత అని. ముక్కల లెక్కకు పీఎఫ్ లేదు, కనుక ఆమె పేరు మీద ఏ యజమానికీ ప్రోత్సాహకం లేదు. ఆమెకు కావలసింది పథకం కాదు, ఒక కుర్చీ. ఆ కుర్చీకి చట్టంలో ఒక పేరు కూడా ఉంది, సముచిత సౌలభ్యం అని. అది ఇవ్వాల్సిన బాధ్యత ఉద్యోగాల అధ్యాయంలో మళ్ళీ ప్రభుత్వ సంస్థ మీదే పెట్టారు.

చట్టం ప్రైవేటు సంస్థల్ని పూర్తిగా వదిలేసిందని కాదు. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ప్రకటించాలని 21వ సెక్షన్ అంటుంది. ఇరవైమంది గానీ అంతకు పైబడి గానీ పనిచేసే ప్రైవేటు సంస్థ అయితే ఏయే సదుపాయాలు ఇస్తారో అందులో రాయాలి, వికలాంగుల నియామకం చూసే అధికారిని కూడా పెట్టాలి. వెబ్‌సైటులో గానీ, లేదంటే ఆవరణలో అందరికీ కనబడే చోట గానీ ఆ విధానాన్ని ఉంచాలని 2017 నియమాలు చెబుతాయి. ఫ్యాక్టరీ గేటు మీద భద్రతా నినాదం తెలుగులో, హిందీలో కనబడుతుంది. ఈ విధానం కూడా అక్కడే, ఆ భాషల్లోనే ఉండాలని అడగడానికి మనకు చట్టబద్ధమైన ఆధారం ఉంది. కార్మిక సంఘాలూ మహిళా సంఘాలూ దీన్ని చేతిలోకి తీసుకోవాలి.

అంకెల సంగతి కూడా చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. వారిలో పనిచేసేవారు 36 శాతం. పురుషుల్లో 47, స్త్రీలలో 23. అక్షరాస్యత పురుషుల్లో 62, స్త్రీలలో 45. ఈ 23 శాతం చూసి అయ్యో అనడం తేలిక. కానీ మిగతా 77 శాతం ఏం చేస్తున్నారు? ఊరికే కూర్చున్నారా? జనాభా లెక్కలకు వంటా, పిల్లల ఆలనా పని కాదు. చూపు లేని అక్క చెల్లెలి పిల్లల్ని పెంచుతుంది. వినబడని కూతురు ఇంటిల్లిపాదికీ వండుతుంది. పెళ్ళి కాలేదు కనుక ఆమె ఇంటికి భారమని చుట్టాలంటారు. పని లేదు కనుక ఆమె ఆధారపడిన మనిషని ప్రభుత్వం అంటుంది. ఇద్దరూ ఆమె చేతి వంట తినే మాట్లాడతారు.

వైకల్యం ఉన్న బిడ్డను పెంచే తల్లి కూడా ఈ లెక్కలో లేదు. బిడ్డ కోసం ఉద్యోగం మానుకునేది ఎవరో వేరే చెప్పాలా? 2024 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, వైకల్యం ఉన్న బిడ్డ తల్లికి శిశు సంరక్షణ సెలవు నిరాకరించడం స్త్రీలను ఉద్యోగాల్లో కొనసాగించాల్సిన రాజ్యాంగ బాధ్యతకు విరుద్ధమంది. ఎంతో విలువైన మాట. అది ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలి కేసు. చౌరస్తాకు ఇటువైపు ఆ సెలవు అనే మాటే లేదు.

ఇక పనికి చేరే దారి. 2017 నవంబరులో నాగోలు నుంచి మియాపూర్ దాకా మెట్రో మొదలైంది. స్టేషన్లలో లిఫ్టులున్నాయి. 2023 జూన్‌లో ఉప్పల్ చౌరస్తాలో ఆకాశ వంతెన వచ్చింది, దానికీ లిఫ్టులున్నాయి. నాచారానికి మెట్రో లేదు. హబ్సిగూడలో లిఫ్టు దిగిన స్త్రీ అక్కడినుంచి షేర్ ఆటోలో ఒదిగి కూర్చోవాలి, లేదా బస్సెక్కాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. మనమంతా సంతోషించిన పథకం. కానీ ఎత్తయిన మొదటి మెట్టు ఎక్కలేని స్త్రీకి టికెట్టు ఎంతైతేనేం? స్త్రీలకని ఒక పథకం, వికలాంగులకని ఒక పథకం ఉన్నప్పుడు, రెండూ తనే అయిన మనిషి ఆ రెండింటి మధ్య ఫుట్‌పాత్ మీద మిగిలిపోతుంది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన నల్సార్‌లోనే తయారైంది. తీర్పు మన ఊరి నుంచి ఢిల్లీకి వెళ్ళింది. తిరిగి మన ఊరి బస్టాపుకు రావాలి.

చివరగా మన భాష. 1995 చట్టాన్ని వికలాంగుల చట్టమన్నాం. 2015 డిసెంబరులో ప్రధాని 'దివ్యాంగ్' అన్నారు. మనకూ దివ్యాంగులు వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో విభిన్న ప్రతిభావంతులన్నారు. పేరు పెరిగేకొద్దీ మనిషి చిన్నదై కనబడుతోంది. దివ్యత్వం ఆపాదించిన వాళ్ళకు జీతం ఇవ్వనక్కర్లేదని ఆడవాళ్ళకు ఎప్పుడో తెలుసు, మనల్నీ దేవతలన్నారు కదా. మరోవైపు మన వ్యాసాల్లోనే 'కుంటి సాకు', 'గుడ్డి నమ్మకం', 'చెవిటివాడి ముందు శంఖం' యథేచ్ఛగా నడుస్తున్నాయి. సినిమాలు చూస్తే, 'సిరివెన్నెల'లో మాట రాని నాయిక బొమ్మలు వేస్తుంది. 'మయూరి'లో కాలు పోయిన నాయిక కృత్రిమ పాదంతో నాట్యం చేస్తుంది. గొప్ప సినిమాలే. కానీ వికలాంగ స్త్రీ తెర మీదికి రావాలంటే కళాకారిణి కావాలి, అసాధారణురాలు కావాలి. టిఫిన్ డబ్బా పట్టుకుని షిఫ్టుకు పోయే మామూలు వికలాంగురాలిని మన సినిమా గానీ సాహిత్యం గానీ ఎంత చూపించాయి? శరీరం గురించి అంత ధైర్యంగా రాసిన స్త్రీవాదం వికలాంగ స్త్రీ శరీరాన్ని పక్కన పెట్టిందని అనితా ఘయ్ 2003లోనే పుస్తకంగా రాశారు. ఆ విమర్శకు తెలుగులో జవాబు ఇంకా బాకీ ఉంది.

అడగవలసినవి ఏమంత పెద్ద కోరికలు కావు. ఆ 4 శాతంలో స్త్రీల వాటా ఎంతో చట్టంలోనే రాయాలి. పనిలో వైకల్యం వస్తే తీసెయ్యకూడదన్న వాక్యంలోంచి 'ప్రభుత్వ' అన్న మాట తొలగించాలి. సముచిత సౌలభ్యం ప్రైవేటు యజమాని బాధ్యత కూడా కావాలి. ముక్కల లెక్కన ఇంట్లో పనిచేసేవారిని కార్మికులుగా లెక్కించాలి. నియామకాల వివరాలు స్త్రీ పురుషుల వారీగా ఏటా బయటపెట్టాలి. విడివిడి గణాంకాలు ఉంచాలని చట్టమే చెప్పింది కనుక ఇది కొత్త కోరిక కూడా కాదు. ఒక మాట తీసెయ్యడం, ఒక మాట చేర్చడం. మాటలతో పనిచేసే మనకు అది ఎంత పెద్ద పనో, ఎంత చిన్న పనో కూడా తెలుసు.